పదో తరగతి తర్వాత గ్రాఫిక్ డిజైన్, ప్రింటింగ్ ఒకేషనల్: తమ్ముణ్ణి చేర్చవచ్చా?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుణుపూరులో మీ తమ్ముడు ఈ ఏడు ఒడియా మీడియంలో పదో తరగతి పాసయ్యాడు. ఇంట్లో తెలుగు. బొమ్మలు బాగా వేస్తాడు, లెక్కలంటే భయం. దగ్గర్లోని ఒక స్కూల్లో ప్లస్ టూ ఒకేషనల్ కింద గ్రాఫిక్ డిజైన్, ప్రింటింగ్ ఉంది. నాన్నగారేమో "ప్రెస్సులు మూతపడుతున్న రోజుల్లో ఆ చదువెందుకు, ఆరు నెలలు ఫొటోషాప్ నేర్పించి ఏదో షాపులో పెడదాం" అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

చేర్చండి. కానీ ఆ స్కూల్లో చేతికి సిరా అంటుకునే మిషను ఒక్కటైనా నడుస్తుంటేనే చేర్చండి. కంప్యూటర్ల గది చూపించి "ఇదేనండీ మా ల్యాబు" అన్నారా, అప్పుడు నాన్నగారి మాటే రైటు. ఆ మాత్రం పని నేర్చుకోవడానికి రెండేళ్ళు అక్కర్లేదు.

నేను రాయగడలో ఆఫ్‌సెట్ ప్రెస్సు పెట్టి 26 ఏళ్ళు. పార్వతీపురం వైపు నుంచి పదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చినవాణ్ణే. అచ్చుపని ముందు సీసం అక్షరాలతో నేర్చుకున్నాను. తెలుగు కేసు, అంటే అక్షరాలు పెట్టే గళ్ళ పెట్టె, ముందు నిలబడితే గుణింతాలు, వత్తులు, వాటి గళ్ళూ గోడంతా ఉండేవి, ఇంగ్లిషు కేసు దాని పక్కన అగ్గిపెట్టెలా కనబడేది. ఆ గళ్ళు కంఠతా పట్టడానికే నాకు ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు ఎనిమిదేళ్ళుగా వారానికి రెండు పూటలు ఒకేషనల్ పిల్లలకు ప్రాక్టికల్ చెప్పడానికి వెళ్తున్నాను. కాబట్టి రెండు వైపులా చూశాను, పని ఇచ్చేవాడిగానూ, పని నేర్పేవాడిగానూ.

డిజైన్ చేసేవాళ్ళకు ఇవాళ కొదవ లేదు. ఫోన్లోనే పుట్టినరోజు బ్యానర్ చేసేస్తున్నారు పిల్లలు. కొదవంతా ఎక్కడంటే, తను చేసిన ఫైలు మిషనెక్కాక ఏమవుతుందో తెలిసినవాళ్ళకు. మా ప్రెస్సుకు వచ్చే ఫైళ్ళలో సరాసరి ప్లేటుకు (అచ్చు మిషనుకు తగిలించే రేకుకు) పంపగలిగేది పదింట ఒకటీ అరా. మిగతావన్నీ మా కుర్రాడు కూర్చుని బాగు చేయాల్సిందే. అంచుల్లో కోతకు వదలాల్సిన 3 మిల్లీమీటర్లు ఉండవు. ఫొటోలు వాట్సాప్‌లో నలిగి వచ్చినవి. రంగులు ఆర్‌జీబీలో, అంటే తెరకు పనికొచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో ఉంటాయి. నల్ల అక్షరాలు అచ్చుకు వాడే నాలుగు రంగులు (సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు) కలిపి చేసిన నలుపులో ఉంటాయి. ఈ చివరిది వినడానికి చిన్న విషయం. కానీ 9 పాయింట్ల తెలుగు అక్షరం కింద 'ష్ట్ర' వత్తు నాలుగు ప్లేట్ల మీద విడివిడిగా పడిందనుకోండి, వాటిలో ఒక్క ప్లేటు వెంట్రుకంత జరిగినా ఆ వత్తు చీమ నలిగినట్టు కనబడుతుంది. ఒక్క నలుపు ప్లేటులోనే పడితే ఆ గొడవే ఉండదు. ఆరు నెలల కోర్సులో ఇది చెప్పరు. చెప్పినా, మిషను మీద కళ్ళారా చూడనివాడికి ఎక్కదు.

చైత్రంలో మజ్జిగౌరమ్మ యాత్రకని ఒకాయన పోస్టర్ తెచ్చాడు. వేరే ఊళ్ళో ఎవరో కుర్రాడు కంప్యూటర్లో చేసిచ్చాడట, ఫోన్లో చూస్తే అమ్మవారి చీర మెరిసిపోయే వంగపండు రంగు. మా దగ్గర ప్రూఫు, అంటే మచ్చు ప్రతి, తీస్తే ఆ చీర వెలిసిపోయి, తడిసి ఆరిన గుడ్డలా వచ్చింది. ఆయన నా మీద కేకలేశాడు, నేను సిరా పొదుపు చేశానని. తప్పు నాదీ కాదు, మిషనుదీ కాదు. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపించాలి. ఆ మెరిసే వంగపండు, చిలకపచ్చ, నారింజ, ఇవి నాలుగు సిరాలకు అందవు. అందేంత దూరంలో ఆ రంగును ముందే తెచ్చి పెట్టుకోవడమే డిజైనరు పని. మీ తమ్ముడు రంగుపెన్సిళ్ళు పట్టినవాడైతే ఇది త్వరగా పట్టేస్తాడు. కాగితం మీద రంగు ఎలా కూర్చుంటుందో వాడి చేతికి ఇప్పటికే తెలుసు.

నేను మొదటి క్లాసులో కంప్యూటరు ముట్టుకోనివ్వను. లూప్ అంటాం, చిన్న భూతద్దం, కంటికి ఆనించి చూసేది. వాళ్ళ సైన్సు పుస్తకం అట్ట మీద పెట్టి చూడమంటాను. మొదటి పిల్లాడు చూసి తలెత్తి మళ్ళీ వంగుతాడు. "సార్, ఆకు పచ్చగా లేదు!" అంటాడు. నిజమే, అక్కడ పచ్చ లేదు. నీలం చుక్కలు, పసుపు చుక్కలు, అక్కడక్కడ నలుపు, మధ్యలో తెల్ల కాగితం. ఆ చుక్కల వరసలు ఒక్కో రంగుకు ఒక్కో కోణంలో ఉంటాయి. సయాన్ 15 డిగ్రీలు, మెజెంటా 75, పసుపు 0, నలుపు 45. కోణాలు సరిగ్గా ఉంటే చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా కనబడతాయి, తప్పితే చీర మీద, ముఖం మీద అలలు లేస్తాయి. క్లాసంతా తిరిగేసరికి ఆ లూప్ మసకబారిపోతుంది, పిల్లల కనురెప్పల చెమటతో. ఆ గంట తర్వాత 'ఇమేజి రిజల్యూషన్ 300 (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి' అని నేను బోర్డు మీద రాస్తే ఎందుకని ఎవరూ అడగరు.

ఇంకోటి. మీ తమ్ముడికి ఉన్న అసలు ఆస్తి బొమ్మలు కాదు, మూడు లిపులు. ఒడియాలో చదివాడు, తెలుగు ఇంటి భాష, ఇంగ్లిషు ఎలాగూ ఉంది. తెలుగు చదవడం మాత్రం రాకపోతే ఈ సెలవుల్లోనే నేర్పించేయండి, ఒక్క నెల చాలు. మన వైపు శుభలేఖ అంటే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. బిల్లు బుక్కులు, దేవుడి కరపత్రాలు, షాపుల ప్రారంభోత్సవాలు, అన్నీ అంతే. రెండూ చదివి తప్పులు పట్టగలిగినవాణ్ణి బరంపురంలో అడిగినా, జయపురంలో అడిగినా పనిలో పెట్టుకుంటారు.

ఆ విషయంలో నా చేతులు ఎలా కాలాయో చెబుతాను. పదిహేనేళ్ళ కిందటి మాట. పెళ్ళికూతురి తండ్రి ఒడియాలో చేత్తో రాసిన డ్రాఫ్టు ఇచ్చాడు. తెలుగు పేజీ నేనే కంపోజ్ చేశాను. ఒడియా నాలుగు అంకె చేత్తో రాస్తే అచ్చం ఇంగ్లిషు 8లా ఉంటుంది, పైన కాస్త తెరిచి ఉంటుందంతే. రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో, 4వ తేదీ పెళ్ళిని 8వ తేదీ చేసేశాను. ఒడియా పేజీలో 4, తెలుగు పేజీలో 8. ప్రూఫు మీద సంతకం పెట్టిన మేనమామకు తెలుగు రాదు, ఒడియా పేజీ చదివి "బాగుంది" అన్నాడు. 600 కార్డులు అచ్చయి, మడతపెట్టి, పసుపు బొట్టు కూడా పెట్టేశాక పురోహితుడు పట్టుకున్నాడు. ఆ రాత్రే మళ్ళీ వేశాను, నా ఖర్చుతో. ఆ పాత కార్డు ఒకటి ఇప్పటికీ క్లాసుకు తీసుకెళ్తాను. రెండు భాషల పనికి ప్రూఫు ఇద్దరు చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. అప్పటినుంచీ మా ప్రెస్సులో అదే పద్ధతి.

లిపుల్లోనే ఇంకో చిక్కుంది, దాన్ని ఆ కోర్సులో నేర్పుతారో లేదో మీరు అడగాలి. తెలుగు డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) ఏళ్ళ తరబడి 'అను' అనే ఫాంట్ల మీద నడిచింది, ఒడియా 'ఆకృతి' ఫాంట్ల మీద నడిచింది. ఇవి యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్లోనైనా అక్షరం ఒకేలా తెరుచుకునే పద్ధతివి కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు పిచ్చి గీతలై కూర్చుంటాయి. ఇప్పుడు కస్టమరు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపుతాడు, ప్రెస్సులో పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేరు ఉంటుంది, దానికి యూనికోడ్ తెలీదు. మధ్యలో మార్చే పని ఎవడో చేయాలి, మార్చాక వత్తు పోయిందో నిలిచిందో కన్నేసి చూడాలి. ఇన్‌డిజైన్‌లో (అది దాని తర్వాతి తరం సాఫ్ట్‌వేరు) తెలుగు వేస్తే, వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే 'క్ష' రెండు ముక్కలై పడుతుంది. ఇలాంటివి పుస్తకంలో ఒక్క లైను, పనిలో అర్ధరోజు.

మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మీ గుణుపూరు చుట్టూ ఉన్న సవర గిరిజనుల భాష మీద పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారే. ఆయన పేరుతో ఇప్పుడు ఒక ఉచిత తెలుగు ఫాంటు ఉంది. సవరలకు సొంత లిపిని మంగయి గొమాంగో 1936లో చేశారు, సొరంగ్ సొంపెంగ్ అంటారు, 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. మా క్లాసులో ఒక సవర పిల్లాడు ఆ లిపిలో వాళ్ళ ఊరి పేరు వేసి గ్రీటింగ్ కార్డు చేశాడు. మార్కులకు అది సిలబస్‌లో లేదు. నేను మాత్రం ఫుల్ మార్కులు వేశాను.

సరే, ల్యాబు సంగతికి వద్దాం. చేరే ముందు తమ్ముణ్ణి తీసుకుని స్వయంగా వెళ్ళండి, ఆదివారం కాకుండా, క్లాసు జరిగే రోజున.

మిషను దగ్గర వాసన చూడండి. నవ్వకండి. నడుస్తున్న ప్రెస్సులో సిరా, కిరసనాయిలు, తడి కాగితం కలిసిన వాసన ఉంటుంది. దుమ్ము వాసన వస్తే ఆ మిషను తనిఖీవాళ్ళు వచ్చిన రోజు తప్ప తిరగదు. బ్లాంకెట్ అనే రబ్బరు షీటు చూపించమనండి. అది ఎండి పగుళ్ళు తీసి ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు. పెద్ద నాలుగు రంగుల మిషను ఉండాలని నేననను. ఏ స్కూలూ అంత పెట్టలేదు, అంత అవసరమూ లేదు. ఒక మినీ ఆఫ్‌సెట్, ఒక స్క్రీన్ ప్రింటింగ్ టేబులు, చేత్తో తిప్పే కటింగు, పిన్నింగు ఉంటే చాలు. నిజానికి స్క్రీన్ ప్రింటింగ్ ఒక్కటే సరిగ్గా నేర్పినా నేను సంతోషిస్తాను. ఫ్రేముకు గుడ్డ బిగించడం, ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) పూయడం, ఎండకు చూపించి కడగడం, రంగు తర్వాత రంగు గురి కుదిరేలా వేయడం, ఇవన్నీ తక్కువ ఖర్చులో ముద్రణ అంటే ఏమిటో చేతికి చెప్పేస్తాయి.

పాఠాలు ఎవరు చెబుతారో అడగండి. టీచరు మంచివారే అయి ఉండొచ్చు, కానీ ఎప్పుడైనా ప్రెస్సులో పనిచేశారా? చేయకపోతే కనీసం బయటి ప్రెస్సువాళ్ళు వచ్చి చెబుతారా? ఒకేషనల్ కోర్సుల పాఠ్యప్రణాళికలు భోపాల్‌లోని కేంద్ర వృత్తి విద్యా సంస్థ తయారుచేస్తుంది. కాగితం మీద అవి బాగానే ఉంటాయి. తేడా అంతా ఎక్కడొస్తుందంటే, రెండో ఏడు పిల్లల్ని నిజమైన ప్రెస్సుకు పంపారా లేదా అన్నదాంట్లో. పోయిన ఏడు పిల్లల్ని ఎక్కడికి పంపారో ప్రెస్సు పేరు అడగండి. పేరు చెబితే, ఆ ప్రెస్సుకు ఫోన్ చేయండి.

సర్టిఫికెట్టు మీద కూడా ఒక ప్రశ్న వేయండి. దీంతో తర్వాత డిగ్రీలో, పాలిటెక్నిక్‌లో చేరనిస్తారా అని. రాతపూర్వకంగా ఉంటే ఇంకా మంచిది.

ఇక లెక్కల భయం. ఇది నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే ఇక్కడి లెక్కలకు ముఖం ఉంటుంది. ఒకాయన వచ్చి 1/8 డెమీ సైజులో (డెమీ అనే కాగితం కొలతలో ఎనిమిదో వంతు) 64 పేజీల భక్తి పుస్తకం 1000 కాపీలు కావాలన్నాడనుకోండి. డబుల్ డెమీ షీటు 22.5 × 35 అంగుళాలు. దాన్ని మడిస్తే 16 ఆకులు, అంటే 32 పేజీలు. ఒక పుస్తకానికి రెండు షీట్లు, వెయ్యికి 2000 షీట్లు, అంటే రీముకు 500 చొప్పున నాలుగు రీములు. మిషను సర్దుకునేలోపు పాడయ్యేవి, బైండింగులో పోయేవి కలిపి మరో వంద వేసుకోవాలి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితమైతే రీము బరువు దాదాపు 17.8 కిలోలు. కాగితం కిలోల్లో కొంటాం కాబట్టి ఆ బరువు తెలియాలి. ట్రిగొనామెట్రీ రాని పిల్లాడు ఈ లెక్క పది రోజుల్లో నోటితో చేస్తాడు, ఎందుకంటే తప్పు చేస్తే చివరి ఫారానికి (ఒకసారి అచ్చయ్యే పేజీల విడతకు) కాగితం చాలదు, అందరి ముందూ పరువు పోతుంది.

ఇంపోజిషన్, అంటే మడిచాక పేజీలు వరసగా వచ్చేలా షీటు మీద పేర్చడం, లెక్క కూడా కాదు, ఆట. ఒక కాగితం మూడు మడతలు వేసి, మూలల్లో 1 నుంచి 16 వరకు నంబర్లు రాసి, విప్పి చూడమంటాను. 1 పక్కన 16 ఉంటుంది, కొన్ని పేజీలు తలకిందులుగా ఉంటాయి. పిల్లలకు మంత్రంలా ఉంటుంది. బొమ్మలేసే పిల్లలకు ఇది మిగతావాళ్ళకంటే ముందు అర్థమవుతుంది, నేను చాలాసార్లు చూశాను.

మిషను గురించి రెండు ముక్కలు చెప్పాలి, మీ తమ్ముడికి చదివి వినిపించండి. ఆఫ్‌సెట్ అంతా నూనెకు నీళ్ళు పడవన్న ఒక్క సంగతి మీదే నడుస్తుంది. 1796లో సెనెఫెల్డర్ అనే జర్మనీ ఆయన దీన్ని రాతి మీద కనిపెట్టాడు, మనం అల్యూమినియం ప్లేటు మీద చేస్తున్నాం. అక్షరం ఉన్నచోట సిరా పట్టాలి, లేనిచోట నీళ్ళు పట్టి సిరాను తోసేయాలి. నీళ్ళు తక్కువైతే కాగితమంతా మసి. ఎక్కువైతే నలుపు బూడిదలా పాలిపోతుంది. ఆ నీళ్ళ పీహెచ్ 5 చుట్టుపక్కల ఉండాలని పుస్తకం చెబుతుంది, మీటరూ చెబుతుంది. కానీ మంచి మిషన్‌మ్యాన్ ప్లేటు మీద నీటి మెరుపును పక్క నుంచి చూసి చెప్పేస్తాడు. ఆ చూపు రావడానికి మిషను పక్కన నిలబడ్డ గంటలే దారి.

అందులోనూ మన ఊళ్ళు వేరు. శ్రావణంలో నాగావళి మీద మబ్బు దిగిందంటే మా గొడౌన్‌లో కాగితం అంచులు అలల్లా లేస్తాయి. కాగితం గాలిలో తేమ తాగి సాగుతుంది. మొదటి రంగు పొద్దున్న వేసి, రెండో రంగు సాయంత్రం వేస్తే, షీటు ఈలోపు కొంచెం పెరిగి కూర్చుంటుంది, బొమ్మ పెదాలు ముఖం మీంచి పక్కకు జరుగుతాయి. నేర్చుకునే రోజుల్లో నేను దీనికి మిషన్ను తిట్టేవాణ్ణి. పక్కనే జేకే పేపర్ మిల్లు ఉండి కూడా మేం కాగితం డీలరు దగ్గరే కొంటాం, వానాకాలంలో మాత్రం కట్టలు విప్పకుండా, ప్లాస్టిక్ తీయకుండా మిషను గదిలోనే ఒక రోజు ఉంచుతాం. ఈ ఒక్క అలవాటు నా నష్టం సగానికి సగం తగ్గించింది. ఈ పాఠం పొడి ఊళ్ళ పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నాన్నగారి భయంలోనూ నిజముంది, దాన్ని తీసిపారేయను. సీసం అక్షరాల ప్రెస్సులు పోయాయి. విజిటింగ్ కార్డులు తగ్గాయి. శుభలేఖ చాలామంది వాట్సాప్‌లోనే పంపి, కాగితానివి వంద మాత్రం వేయించుకుంటున్నారు. క్యాలెండర్లు శివకాశి నుంచి వస్తాయి, కింద షాపు పేరు వేసే పని మాత్రం మనది. ఫ్లెక్సీ బాగా నడిచింది, కానీ 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్లకంటే పల్చని పీవీసీ బ్యానర్లు నిషేధం. పల్చటి గుడ్డ మీద బతికిన షాపులు అప్పుడు చాలా ఇబ్బంది పడ్డాయి. తగ్గనిదేమిటంటే డబ్బాలు, లేబుళ్ళు. జీడిపప్పు ప్యాకెట్టు, పచ్చడి సీసా, మిల్లెట్ బిస్కెట్టు, అగరబత్తి పెట్టె, మందుల డబ్బా, ఇవి ఫోన్లో పంపలేం. పలాస జీడిపప్పు ఎవరైనా కొంటే దాని కవరు ఎక్కడో ఒకచోట అచ్చవుతుంది కదా. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఇప్పుడు స్థిరంగా ఉన్నవాళ్ళు ఎక్కువమంది ప్యాకేజింగులోనే ఉన్నారు. ఒకడు హైదరాబాదులో డబ్బాల ఫ్యాక్టరీలో డై గీస్తాడు. పెట్టె విప్పితే ఎలా ఉంటుందో గీసి, మడత ఎక్కడ, కోత ఎక్కడ, జిగురు ఎక్కడ అని చూపించే పని. వాడూ లెక్కల్లో బొటాబొటీ పాసైనవాడే.

ఏఐ బొమ్మలు వేసేస్తుంది, ఇంక డిజైనరు దేనికి అని కూడా అన్నారు కదా. పోయిన ఏడు ఒకాయన వినాయక చవితి బ్యానరుకు అలాంటి బొమ్మ తెచ్చాడు. బొమ్మ బాగుంది, అబద్ధం చెప్పను. కానీ కింద తెలుగు అక్షరాలు తెలుగులా కనబడుతున్నాయి తప్ప ఏ భాషా కాదు. సైజు 1024 పిక్సెళ్ళు. దాన్ని 300 రిజల్యూషన్‌లో కాగితం మీద వేస్తే అరచేతంత, 8.7 సెంటీమీటర్లు. దాన్ని ఆరడుగుల గుడ్డకు పనికొచ్చేలా మార్చి, అక్షరాలు తీసి మళ్ళీ వేసి, చవితికి ముందు రోజు ఇచ్చినవాడు మనిషే. బొమ్మ గీయడం ఒక్కటే పనిగా పెట్టుకున్నవాడికి మాత్రం కష్టమే, అందుకే మిషను వైపు నడవమంటున్నాను.

తర్వాత ఏమిటి? ప్లస్ టూ అయ్యాక దారులు ఇవి. ఐటీఐలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్, లిథో ఆఫ్‌సెట్ మిషన్ మైండర్, ప్లేట్ మేకర్ కమ్ ఇంపోజిటర్ అనే ట్రేడులు ఉన్నాయి, అన్ని ఊళ్ళలో ఉండవు, వెతకాలి. డిప్లొమా కావాలంటే సికింద్రాబాదులో ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఉంది, కలకత్తా జాదవ్‌పూర్‌లో ప్రాంతీయ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఉంది. వేరే రాష్ట్రం పిల్లలకు సీట్ల నిబంధనలు ముందే కనుక్కోండి, మన సరిహద్దువాళ్ళకు అక్కడే దెబ్బ పడుతుంది. ఇవేవీ కాకపోతే అప్రెంటిస్‌షిప్. 1961 చట్టం కింద స్టయిపెండు ఇచ్చి నేర్పాలి. కటక్‌లో ఒడిశా ప్రభుత్వ ప్రెస్సు ఉంది, పెద్ద ప్రైవేటు ప్రెస్సులూ తీసుకుంటాయి. మొదటి రెండేళ్ళు డబ్బు తక్కువే ఉంటుంది, సెల్లు షాపులో కూర్చునే కుర్రాడికి వచ్చినంతే. మూడో ఏడు నుంచి తేడా కనబడుతుంది, అదీ మిషనూ ఫైలూ రెండూ తెలిసినవాడికే.

భయపెట్టడానికి కాదు గానీ ఒక మాట. 18 నిండనివాణ్ణి కటింగ్ మిషను మీద నిలబెట్టనివ్వకండి, స్కూలువాళ్ళు అడిగినా, ప్రెస్సువాళ్ళు అడిగినా. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కత్తి దిగేలా ఆ మిషన్లు తయారవుతాయి. పని త్వరగా కావాలని ఒక బటన్ను చెక్కముక్కతో బిగించేసిన చోట నేను పనిచేశాను. నా పక్కనున్నాయనకు రెండు వేళ్ళ కొసలు లేవు. ఏ ప్రెస్సులోనైనా నేర్చుకోవడానికి చేరేముందు ఆ బటన్లు చూడమని మీ తమ్ముడికి చెప్పండి. అలాగే, సిరా తుడిచే ద్రావకంలో చేతులు ముంచకుండా తొడుగులు వేసుకోమనండి, నా గోళ్ళ చుట్టూ చర్మం చూస్తే ఎందుకో తెలుస్తుంది.

చిన్నదే కానీ స్కూళ్ళలో చెప్పని సంగతి ఇంకోటుంది. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవాడి పేరు, ప్రచురించినవాడి పేరు, అడ్రసులతో సహా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షను. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికలొస్తే రాత్రికి రాత్రి ఫైలు చేసి ఇమ్మంటారు, డిజైనరు కుర్రాడు ఆ లైను అడుగున పెట్టడం మరిచిపోతాడు, ఇరుక్కునేది ప్రెస్సువాడు. నా దగ్గర చేరినవాడికి మొదటి వారంలోనే నేర్పేది ఇదే.

కంప్యూటరు ఇప్పుడే కొనాలా అని కూడా అడిగారు. వద్దు. ముందు ఆరు నెలలు ల్యాబులో చేయనివ్వండి, ఇంట్లో పెన్సిలూ, స్కేలూ చాలు. కొనాల్సి వచ్చినప్పుడు మాక్ జోలికి పోకండి, 16 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తీసుకోండి, మిగిలిన డబ్బు మంచి తెర మీద పెట్టండి. డిజైన్ పనికి వాడే కోరల్ డ్రా దొంగ కాపీ ఎక్కించి ఇస్తామంటారు షాపువాళ్ళు, వద్దనండి. ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్ ఉచితం, స్క్రైబస్ కొత్త వెర్షన్లలో తెలుగు వత్తులు బాగానే కలుస్తున్నాయి. వాటి మీద చేయి తిరిగితే రేపు కోరల్ నేర్చుకోవడానికి వారం చాలు. ముందు రెండు వందల రూపాయలు పెట్టి ఒక లూప్ కొనిపెట్టండి, ఇంట్లో ఉన్న ప్రతి కాగితం మీదా పెట్టి చూస్తాడు.

మీరు అడగలేదు గానీ, మీకు ఆసక్తి ఉంటే మీరూ చేరవచ్చు. ప్రెస్సులో ఆడవాళ్ళంటే బైండింగు దగ్గర మడతలు పెట్టేవాళ్ళనే మనవాళ్ళు అనుకుంటారు. మా ప్రెస్సులో ఇప్పుడు ప్లేట్లు చేసేది ఒకేషనల్ చదివిన అమ్మాయే. రంగు తేడా ఆమె కంటికి కనబడినట్టు నాకు కనబడదు, నేను ఒప్పుకుంటాను.

ఆ స్కూలు చూసి వచ్చాక ఏం కనబడిందో ఇక్కడే రాయండి. మిషనూ, బ్లాంకెటూ ఫొటో తీస్తే ఇంకా మంచిది. ప్లేట్లు ఎక్కడ చేస్తారో ఆ గది కూడా తీయండి. దసరా ముందు మా దగ్గర పని ఎక్కువగా ఉంటుంది, ఆ రోజుల్లో తమ్ముణ్ణి రాయగడ తీసుకురండి. ఒక పూట మిషను పక్కన నిలబెడతాను. చొక్కా పాతది వేసుకురమ్మనండి.